తలుపు గడియపెట్టిన నేరం

“కమిటీ ముందు మాట్లాడే పని నాకు వదిలెయ్, అమ్మమ్మా. నువ్వు నోరు విప్పావంటే ఉన్న సీటు కాస్తా ఊడుతుంది,” అన్నాడు వినయ్ కుమార్. రేపల్లె నుంచి తెనాలి పోయే ప్యాసింజరులో కిటికీ పక్కన ఒదిగి కూర్చున్నాడు.

“తప్పు చేయనివాళ్ళు తల దించుకుంటే, చేసినవాళ్ళు తల ఎగరేస్తారు,” అంది పుల్లమ్మ.

మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైన ఆవిడకు, ఎదుటివాడు కలెక్టరే అయినా ముందు చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం అలవాటు. మనవణ్ణి ఒకసారి తేరిపార చూసి, టిఫిన్ డబ్బా చేతిలో పెట్టింది.

“ఇడ్లీ తిను. ఖాళీ కడుపుతో న్యాయం అడగలేం.”

వినయ్ డబ్బా మూత కూడా తీయలేదు. బాపట్లలో కమిటీ ఈరోజు పేరు కొట్టేస్తే లా కాలేజీ సీటు పోతుంది. వాళ్ళ వంశంలో ఇంతవరకూ ఎవరూ తొడగని నల్లకోటు, ఇక ఎవరూ తొడగకుండానే మిగిలిపోతుంది.

ఎదురుసీటులో ఎండుచేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకున్న గంగరత్నం ఇదంతా చెవులు రిక్కించి వింటోంది. నిజాంపట్నం మనిషి, అడగకుండా ఊరుకోవడం ఆవిడకు చేతకాదు.

“ఏంటి అమ్మగారూ, కాలేజీ గొడవా? ఏం చేశాడేంటి పిల్లోడు?”

వినయ్ నోరు తెరిచాడు. అప్పటికే పుల్లమ్మ మొదలుపెట్టింది.

“ఏముందమ్మా! క్లాసు పది గంటలకైతే, మాస్టారు టీ తాగి, పేపరు చదివి, తీరిగ్గా వస్తారు. ఒకనాడు బెల్లు కొట్టగానే తలుపుకు గడియ పడింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు బయటే నిలబడాలని లోపలినుంచి జవాబు వెళ్ళింది. అందుకు ప్రొబేషన్ వేశారు.”

గంగరత్నం వినయ్‌ను ఎగాదిగా చూసింది. “ఓరి నాయనో! చూస్తే నోట్లో వేలు పెట్టినా కొరకనట్టున్నావు. మాస్టారినే గడప బయట నిలబెట్టావంటయ్యా!”

“అది కాదండి, అసలు...”

“పెద్దవాళ్ళ మాటల్లో దూరకూడదు,” అంది పుల్లమ్మ.

“ఇంతకీ ప్రొబేషనంటే ఏంటమ్మా? జైలా?”

“జైలెందుకు? పేరు కొట్టెయ్యరు, అలాగని వదిలెయ్యరు. పాఠాలు వినవచ్చు, పరీక్షలు రాయవచ్చు. ప్రతి సోమవారం ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి కనపడాలి. కాలేజీ వేడుకల్లో వేదిక ఎక్కకూడదు. ఈలోగా ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, ఇంటికి పంపించేస్తారు.”

“బోటును సముద్రంలోకి పోనిచ్చి, తాడు కొస ఒడ్డున పట్టుకు కూర్చున్నట్టన్నమాట!”

“ఆ తాడే ఇప్పుడు తెగేట్టుందండి,” అన్నాడు వినయ్ నీరసంగా. “రెండో ఫిర్యాదు కూడా వచ్చేసింది.”

తెనాలిలో రైలు దిగుతూ గంగరత్నం గంప నెత్తికెత్తుకుని, “అబ్బాయ్, పోగానే కాళ్ళమీద పడిపో. పోయేదేముంది!” అని సలహా పారేసి వెళ్ళింది. ఆ మాట పుల్లమ్మకు బొత్తిగా నచ్చలేదు. బాపట్ల రైలెక్కి కూర్చున్నాక కూడా, “కాళ్ళమీద పడాలట, కాళ్ళమీద!” అని సణుగుతూనే ఉంది.

కమిటీ గదిలో బల్ల వెనుక ప్రిన్సిపాల్ డేనియల్, చెరోపక్క ఒక లెక్చరరు కూర్చున్నారు. గోడవారగా ఫిర్యాది నిలబడ్డాడు. ఫైనలియర్ అజయ్ బాబు. మనిషి తాటిచెట్టంత ఉన్నాడు.

“ప్రొబేషన్‌లో ఉండగా రెండో ఫిర్యాదు!” డేనియల్ కళ్ళజోడు పైనుంచి చూశారు. “క్యాంటీన్‌లో అందరి ఎదుటా ఈ అబ్బాయి చేత గుంజీలు తీయించడమేమిటండీ? ఇంట్లో భయం చెప్పేవాళ్ళు ఎవరూ లేరా?”

“లేరండి,” అన్నాడు వినయ్. అంతకన్న నిజం ఆ గదిలో ఆనాడు ఎవరూ చెప్పలేదు.

పుల్లమ్మ వాడివంక ఒక్క చూపు చూసి, బల్ల వైపు తిరిగింది. “ఒక పక్షం మాటే విని తీర్పు చెప్పకూడదని మీరే కదండీ పాఠం చెబుతారు? గుంజీలదాకా ఎందుకు వచ్చిందో ఆ అబ్బాయినే అడగండి.”

అజయ్ బాబు నేల చూపులు చూశాడు. “సరదాకండి... కొత్తమ్మాయి ఏంజెల్‌ను బల్లెక్కి డాన్సు చేయమన్నాం.”

“చేసిందా?”

“ఏడ్చిందండి.”

“మరి ఇంత మనిషివి, గుంజీలు ఎలా తీశావయ్యా? నిన్నెవరైనా కొట్టారా?” అని అడిగారు డేనియల్.

“లేదు సార్. ‘చెవులు పట్టుకో’ అన్న మాట వినపడగానే చేతులు వాటంతటవే పైకి లేచాయి సార్. పది తీశాక గానీ నేను ఫైనలియరన్న సంగతి గుర్తు రాలేదు.”

కుడిపక్క లెక్చరరుకు దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

ముగ్గురూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. వినయ్ చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. పుల్లమ్మ మాత్రం నిటారుగా, రెప్ప వేయకుండా చూస్తోంది.

“రెండో ఫిర్యాదు కొట్టేస్తున్నాం,” అన్నారు డేనియల్. “ఆ అమ్మాయిని ఏడిపించినందుకు అజయ్ బాబును కూడా ప్రొబేషన్‌లో పెడుతున్నాం. తలుపు గడియ సంగతి వేరు. ఆ ప్రొబేషన్ మాత్రం పరీక్షలదాకా సాగుతుంది.”

వినయ్ ఊపిరి పీల్చుకున్నాడు. పేరు నిలిచింది.

“మరి ఆలస్యంగా వచ్చే మాస్టారికి ఏ ప్రొబేషన్ అండీ?” అంది పుల్లమ్మ.

ఎడమపక్క లెక్చరరు ఉలిక్కిపడి కిటికీ వైపు చూశారు.

“ఆయన సంగతి నేను చూసుకుంటాను,” అన్నారు డేనియల్ గబగబా. “ఇక చివరిమాట. మళ్ళీ ఇలాంటిది జరగదని గార్డియన్ మాకు మాట ఇవ్వాలి.”

వినయ్ లేచి, “మా అమ్మమ్మ ఇకనుంచి బుద్ధిగా చదువుకుంటుందండి,” అన్నాడు.