తల్లి చదువు

“మా దీవెన పేరు ఎందుకు కొట్టేశారండీ?” హెలెన్ లేచి నిలబడి అడిగింది.

ఉయ్యూరులో హైస్కూలు పేరెంట్స్ మీటింగ్. వేసవి సెలవుల్లో గన్నవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు పదిహేను రోజుల సైన్సు క్యాంపు పెడుతున్నారు. ఈ స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురికి అవకాశం. బల్ల మీదున్న లిస్టులో మొదటి పేరు దీవెనదే. దాని మీద ఎర్రగీత ఉంది.

స్కూలు కమిటీ ఛైర్మన్ రామకోటేశ్వరరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఈ క్యాంపు తల్లీ తండ్రీ ఇద్దరూ పది పాసవని పిల్లలకేనమ్మా. కాలేజీవాళ్ళ రూలు. మీ ఫారం చూడండి. తండ్రి చదువు అయిదో తరగతి. తల్లి చదువు టెన్త్ పాస్. మీ చేత్తో మీరే రాశారు.”

నిజమే. తనే రాసింది. దీవెనని ఒకటో తరగతిలో చేర్చిన రోజు నుంచి ఆ గడి ఎక్కడ కనిపించినా అదే రాస్తోంది. దీవెనకి కూడా అదే చెప్పింది. ఇప్పుడా పిల్ల పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. రెండు వారాల నుంచి క్యాంపుకి ఏ బట్టలు సర్దుకోవాలో రోజుకోసారి అడుగుతున్న పిల్ల.

హెలెన్ కూతురి వైపు చూడకుండా చెప్పింది. “అది అబద్ధమండీ. నేను ఎనిమిదితో మానేశాను.”

దీవెన తలెత్తి తల్లి వంక చూసింది.

“అవకాశం వచ్చేసరికి చదువు తగ్గిపోయిందే,” అంది వెనక వరసలోంచి రావమ్మ. దీవెన పేరు పోతే ఆ చోటు ఆమె మనవరాలు అక్షయకి వస్తుంది.

కొందరు నవ్వారు. రామకోటేశ్వరరావు నవ్వలేదు. “మీ మాట నేను కాదనను. కానీ కాగితం ఉండాలి కదా. రేపు ఇంకొకళ్ళు లేచి, మేమూ చదువుకోలేదంటే ఏం చెయ్యను?”

“పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. పాసవకపోతే ఏం కాగితం ఇస్తారండీ?”

“టీసీ ఇస్తారమ్మా. ఏ క్లాసులో మానేశారో అందులో ఉంటుంది.”

“తీసుకోలేదండీ.”

“పోనీ, ఏ స్కూలు?”

“ఇదే.”

ఫారాల మీద సంతకాలు పెడుతున్న హెడ్మిస్ట్రెస్ తెరేసమ్మ తలెత్తింది. “ఏ సంవత్సరం?”

“రెండువేల అయిదు మేడం.”

తెరేసమ్మ తాళాలగుత్తి తీసుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళింది. ఇనప బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు హాల్లోకి వినిపించింది.

హెలెన్ కూర్చుంది. చేతిరుమాలు మడత విప్పి మళ్ళీ మడత పెట్టింది.

“అమ్మా,” దీవెన తల్లి చేతి మీద చెయ్యి వేసి చెవిలో అంది. “లెక్క చెప్పమన్నప్పుడల్లా కూరలో ఉప్పు చూసొస్తానని లేచేదానివి. ఇందుకేనా?”

“ఊ.”

“అందుకన్నమాట, పరీక్షలప్పుడు కూరంతా ఉప్పుకషాయం.”

హెలెన్‌కి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కూతురి చెయ్యి మాత్రం తన చేతి మీదే ఉంది.

తెరేసమ్మ పాత అడ్మిషన్ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది. పేజీల అంచులు పొడుంపొడుంగా రాలుతున్నాయి. వేలితో ఒక్కో పేరూ దాటుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది.

“ఇదిగో. పి. హెలెన్, తండ్రి ఆమోసు. ఆరో తరగతిలో చేరింది. ఏడుకి ప్రమోషన్. ఎనిమిదికి ప్రమోషన్.”

హెలెన్ దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. పైనున్న పేర్లన్నిటి మీదా, కిందనున్న పేర్లన్నిటి మీదా ఎర్రసిరా గీతలు. వాటి చివర టీసీ ఇచ్చిన తేదీలు. తన పేరు మీద గీత లేదు. బడి విడిచిన తేదీ అన్న గడి ఖాళీ. కారణం అన్న గడి కూడా ఖాళీ. అందులో ఏం రాయాలో ఆమెకి తెలుసు. ఎవరూ అడగలేదు.

“చూశారా మేడం,” అన్నాడు రామకోటేశ్వరరావు. “మానేసినట్టు ఎక్కడా రాసి లేదు. నన్నేం చెయ్యమంటారు? కాలేజీవాళ్ళకి ఏం పంపను?”

“రాసి లేదు. నిజమే,” అంది తెరేసమ్మ.

హెలెన్‌కి అంతా అయిపోయిందనిపించింది. ఉన్న పరువు నలుగురిలో పోయింది, పిల్లకి రావలసిందీ పోయింది. వెనక్కి తిరిగింది. రావమ్మ పక్కకి జరిగి దారి ఇచ్చింది.

“కాస్త ఆగమ్మా,” అంది తెరేసమ్మ. స్కూలు పేరున్న కాగితం ఒకటి లాగి రెండు లైన్లు రాసింది. సంతకం పెట్టి, రౌండు సీలు గట్టిగా గుద్ది ఛైర్మన్ ముందుకి తోసింది.

ఆయన ఒకసారి చదివాడు. రిజిస్టరు వంక చూసి మళ్ళీ చదివాడు. పెదాలు బిగబట్టుకున్నా నవ్వు ఆగలేదు. పెన్ను తీసి, ఎర్రగీత పక్కనే దీవెన పేరు కొత్తగా రాశాడు.

“ఇంతకన్నా కాగితం ఏం కావాలమ్మా. తీసుకెళ్ళి జిరాక్సు తీయించి ఇవ్వండి.”

హెలెన్ చెయ్యి చాపేలోపే దీవెన ఆ కాగితం అందుకుని, అందరికీ వినపడేలా చదివింది.

“ఆమోసు గారి కుమార్తె హెలెన్, ఇంతవరకు టీసీ తీసుకొననందున, ఈ పాఠశాలయందు ప్రస్తుతము ఎనిమిదవ తరగతి చదువుచున్నది.”