మంచులచ్చి గోళ్లు

భూమికి నడినెత్తిన కొన్ని దీవులు, వాటి మధ్య ఒక ఇరుకు జలసంధి ఉన్నాయి. చలికాలం రాగానే ఆ నీళ్లమీద మంచు మూతలా బిగుసుకుంటుంది. మంచులచ్చి అనే ముసలి సీల్ మాత్రం ఏటా ఈ దరి నుంచి ఆ దరి దాకా మంచును గోళ్లతో గీకి, ఊపిరి పీల్చుకోవడానికి కన్నాలు తెరిచి ఉంచేది.

ఒక ఏడు చలి ముదిరాక కొమ్ము తిమింగలం ఒకటి వచ్చింది. "చలికాలంలో ఈ జలసంధిని దాటినవాళ్లు లేరట. నేను దాటితే దీనికి నా పేరే పెడతారు" అంది.

"కన్నాలెక్కడున్నాయో చూపిస్తాను, నా వెంట రా నాయనా" అంది మంచులచ్చి.

"గీక్కుంటూ పోవడానికి నేను సీల్‌ని కాదు. నాకు కొమ్ముంది" అని తిమింగలం మునిగింది.

సగం దూరంలో దాని ఊపిరి అయిపోయింది. కొమ్ముతో ఎంత పొడిచినా మంచు చెక్కుచెదరలేదు. ఆ చప్పుడు విని మంచులచ్చి ఈదుకుంటూ వచ్చింది. దాన్ని తోసుకుంటూ తన కన్నం దగ్గరికి తీసుకెళ్లి, తాను పక్కకు తప్పుకుంది. అక్కణ్ణుంచి కన్నం కన్నానికీ తనే ముందు ఈదుతూ దారి చూపింది.

అవతల మంచులేని సముద్రంలో తిమింగలాలన్నీ మూగి, "ఈ దారికి నీ పేరే పెడదాం" అన్నాయి.

కొమ్ము కిందికి వాలింది. "నాది కాదు, ఈ అవ్వ పేరు పెట్టండి."

మంచులచ్చి తన అరిగిన గోళ్లను రాణి ఉంగరాలు చూసుకున్నట్టు చూసుకుంది.

"వేసవికి ఈ దారంతా కరిగిపోతుంది నాయనా. పేరు పెట్టాలని ఉంటే వచ్చే చలికాలం రండి. అప్పుడూ దీన్ని తెరిచేది ఈ గోళ్లే."