మోకాలి మీద చెయ్యి

“ఇంజనీరింగు చదివే పిల్లవి, ఇంకా బొమ్మల సినిమాలేందే?” అన్నాడు పున్నారావు, చాప మీద కూర్చుని టీవీకేసి ఓరగా చూస్తూ.

“జపాన్ వాళ్ళు చేత్తో గీసింది తాతయ్యా. ఆ ముసలాయన లేవడం చూడు.” మనవరాలు చందన సినిమాని కాస్త వెనక్కి తిప్పింది.

తెరమీది ముసలాయన ముందు అటూ ఇటూ చూశాడు. ఏదో పడిపోయినట్టు నేలంతా తడిమాడు. ఆ వంకతో ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి లేచాడు.

“పాపం, మోకాలు పోయింది. పెళ్ళానికి తెలియకూడదని నాటకం,” అంది వంటింటి గడపలో నిలబడ్డ పున్నారావు భార్య ఆదిలక్ష్మి.

“బొమ్మకి మోకాళ్ళ నొప్పేంది, నీ మొహం!” కసిరాడు పున్నారావు. ఈ శివరాత్రికి కోటప్పకొండ మెట్లెక్కే పైకి పోతానని ఊరంతా చాటుకున్నాడాయన.

“ఇట్టా గీయాలంటే ఎవరో ఒక ముసలాయన్ని రోజూ కనిపెట్టి చూసుండాలి తాతయ్యా.”

“పనీపాటా లేనోళ్ళు చూస్తార్లే,” అంటూ ఆయన లేవబోయాడు. కళ్ళజోడు కోసం చాపంతా తడిమాడు. చెయ్యి దానంతటదే ఎడమ మోకాలి మీదికి పోయింది.

కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

చందన నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆదిలక్ష్మి మాత్రం నవ్వలేదు.

“కొండ మీదికి బస్సులో పోదాంలేవే చందనా. ఆ జపాను ముసలాయన మెట్లెక్కలేడు.”

పున్నారావు భార్యకేసి చూశాడు. ఎన్నాళ్ళ నుంచి కనిపెడుతోందో!

“ఆయనకి కిటికీ పక్కన సీటు పట్టండి,” అన్నాడు.