నల్ల ఇంకు

“అమ్మ ముఖానికి కళ్ళేవే!” అని కెవ్వుమన్నాడు ఇంటాయన, ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితం పట్టుకుని.

వంటింట్లోంచి భార్య, గదిలోంచి కూతురు పరిగెత్తుకొచ్చారు. కాగితం పైన ఎర్రగా ‘కనబడుటలేదు’ అని ఉంది. కింద పెద్దావిడ ఫోటో ఉండాలి. బుగ్గల చోట లేత గులాబీ మరకలు, స్వెట్టర్ చోట నీలం మచ్చ మాత్రం ఉన్నాయి. కళ్ళు, కనుబొమలు, కళ్ళజోడు మాయం. ఆనవాళ్ళూ లేవు, ఫోన్ నంబరూ లేదు.

“అయ్యో, ఇదేం అపశకునమండీ!” భార్య గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“అపశకునం కాదమ్మా, నల్ల ఇంకు అయిపోయింది” అంది కూతురు.

కంగారులో ఇంటాయన ఆ సంగతే మరిచిపోయాడు. పొద్దున ఇంత రాద్ధాంతం జరిగింది ఆ నల్ల ఇంకు గురించే మరి! పెద్దావిడకి గళ్ళనుడికట్ల పిచ్చి. అడ్డం, నిలువు ఆధారాలు తనే అల్లి, ట్యాబ్‌లో తనే టైపు కొట్టి, అందులోంచే ప్రింట్లు తీసి వాకింగ్ స్నేహితులకి పంచుతుంది. మనవరాలు నేర్పితే ట్యాబ్‌లో ఆవిడకి వచ్చినవి టైపు, ప్రింటు, ఆ రెండే. పొద్దున ఆఫీసు కాగితం తెల్లగా బయటికొచ్చేసరికి కొడుకు ఎగిరాడు.

“ఇంకుని మంచినీళ్ళలా తాగేస్తున్నావు! ఇంకోసారి ప్రింటర్ ముట్టుకున్నావంటే ఊరుకోను!”

“ముట్టుకుంటే ఒట్టు. నీతో మాట్లాడినా ఒట్టే!” అని ఆవిడ ట్యాబ్ చంకన పెట్టుకుని చరచరా వెళ్ళిపోయింది. అంతే, మధ్యాహ్నం అయినా అజాపజా లేదు. వాకిట్లో చెప్పులు లేవు. ఫోన్ మాత్రం మంచం మీదే పడి ఉంది.

“మేడ మీద చూశారా?” భార్య అరిచింది. అరవక తప్పదు. పక్కింటివాళ్ళు బండలు కోయిస్తున్నారు, ఆ రొదలో పక్కమనిషి మాట కూడా వినబడటం లేదు.

“చూశానే! గదికి బయట గడియ పెట్టి ఉంది. లోపల కూర్చుని బయట గడియ పెట్టుకుంటుందా మా అమ్మ?”

“వాకింగ్ వాళ్ళందరికీ ఫోన్ చేశాను. ఎవరింటికీ వెళ్ళలేదట. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదండీ.”

“ఈ కాగితాలు పార్కులో, బస్టాండులో అంటిస్తే ఎవరో ఒకరు చూస్తారు. ముందు ఈ దిక్కుమాలిన ప్రింటర్...”

అతని మాట పూర్తికాకుండానే ప్రింటర్ గుర్రుమంది. ఒక తెల్ల కాగితం జారిపడింది. వెనకే ఇంకోటి.

“నాన్నా, మళ్ళీ ప్రింట్ కొట్టావా?”

“నేను కంప్యూటర్ మీద చెయ్యే వెయ్యలేదు!”

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంకో తెల్ల కాగితం. ఇంటాయన క్యాన్సిల్ నొక్కాడు. కాసేపాగి మళ్ళీ గుర్రుమంది. వైరు పీకేశాడు. చల్లబడనిచ్చి మళ్ళీ పెట్టాడు. ఆన్ అయ్యీ అవగానే ఇంకో కాగితం. మీద ఒక్క గీత కూడా లేదు.

“నాకెందుకో భయంగా ఉందండీ” అంది భార్య. “ముట్టుకోనని ఒట్టేసి మరీ వెళ్ళారు... ఆవిడ వెళ్ళాకే ఇది ఇలా...”

“నోటికొచ్చినట్టు మాట్లాడకు!” అని కసిరాడుగానీ, తనూ ప్రింటర్‌కి రెండడుగులు దూరం జరిగాడు. “నువ్వెళ్ళి ఇంకు సీసా పట్రామ్మా” అన్నాడు కూతురితో.

వీధి చివర షాపుకి వెళ్ళి ఆ పిల్ల రొప్పుతూ వచ్చింది. ఇంటాయన మూత తీసి ఇంకు పోస్తుంటే సగం వేళ్ళ మీద, సగం బల్ల మీద పడింది. నల్లబడ్డ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

“నీకెన్ని సీసాలు కావాలంటే అన్ని కొంటానే అమ్మా! ఒక్క ఇంకు చుక్క కోసం నోరు పారేసుకున్నాను. ఎక్కడున్నా వచ్చెయ్యవే!” అని భోరుమన్నాడు.

భార్యకి కూడా ఏడుపు ఆగలేదు. కూతురే ముందుకొచ్చి, ఇంకు సాఫీగా దిగేలా హెడ్ క్లీనింగ్ నొక్కింది. ప్రింటర్ కాసేపు కరకరలాడి, టకటకలాడి ఊరుకుంది.

“ఊ, ఇప్పుడు ప్రింట్ కొట్టు నాన్నా.”

ఇంటాయన మౌస్ మీద చెయ్యి పెట్టేలోపే ప్రింటర్ తనంతట తనే కాగితం లాక్కుంది. ఈసారి నల్లగా, నిగనిగలాడుతూ అక్షరాలు దిగుతున్నాయి.

“కళ్ళు వచ్చాయా? చూడవే, మీ బామ్మ కళ్ళు వచ్చాయా?” భార్య మీదమీదకొచ్చింది.

అది ఫోటో కాదు. గళ్ళు. నాలుగైదు గళ్ళున్న చిన్న నుడికట్టు. కూతురు గట్టిగా చదివింది:

“అడ్డం ఒకటి: మేడ మీది గది తలుపుకి బయట అడ్డంగా ఉన్నది. జవాబు: గడియ. నిలువు రెండు: ఆ గది లోపల పొద్దున్నుంచీ నిలువుకాళ్ళ మీద ఉన్నది. జవాబు: అమ్మ.”

ఇంటాయన తల బాదుకున్నాడు. పొద్దున గొడవయ్యాక, గాలికి తలుపు టపటపా కొట్టుకుంటోందని విసుక్కుంటూ ఆ గడియ పెట్టింది తనే. లోపలికి తొంగి కూడా చూడలేదు.

“ఇంకా ఉంది నాన్నా, కింద” అంది కూతురు.

“ఒట్టు తప్పలేదురా సన్నాసీ! ప్రింటర్‌ని ముట్టుకోలేదు, నీతో మాట్లాడలేదు. ఇక గడియ తియ్యి!”