పటంలో లేని ఏడిళ్లు

"నూట పన్నెండు... నూట పదమూడు..."

ఎవరో ముసలాయన అడుగులు లెక్కపెట్టుకుంటూ బంగాళదుంప చేలోంచే నడిచొస్తుంటే ఊరిపెద్ద ప్యో దొక్బేకు ఒళ్లు మండిపోయింది.

అసలే పొద్దున్నుంచీ ప్రాణం విసిగిపోయి ఉంది. మధ్యాహ్నం కొండ కింద పట్నంలో విచారణ. తాతల నాటి నుంచీ ఈ గాంగ్వన్ కొండమీదే ఉంటున్నామని రుజువు చూపకపోతే ఏడిళ్లవాళ్లూ మూటాముల్లె సర్దుకుని దిగిపోవాల్సిందే. జపానువాళ్లు దేశాన్ని ఏలిన కాలంలో గీసిన పాత పటంలో ఈ ఊరి జాడే లేదని అటవీ శాఖవాళ్లు ఒకటే పట్టు.

"ఎవరయ్యా నువ్వు?"

"ఆగు నాయనా, లెక్క తప్పుతుంది. నూట పద్నాలుగు..."

"నిన్నే! చెవుడా?"

ముసలాయన లెక్కపెట్టుకుంటూనే నడిచాడు. దొక్బే ఇంటి గోడ దాకా వచ్చి ఆగి, సంచీలోంచి ఒక కాగితం తీసి విప్పాడు.

అదే పటం!

"అనుకున్నా. ఫారెస్టోళ్లు పంపిన మనిషివేగా? సాక్ష్యం చెప్పడానికి ఇంత కొండెక్కావా?"

"సాక్ష్యానికే నాయనా. ముందు ఇళ్లు సరిచూసుకుందామని... మీ పొగగొట్టం అప్పట్లో తూర్పు వైపు ఉండాలే?"

"మా పొగగొట్టంతో నీకేం పనయ్యా!"

లోపల్నుంచి భార్య ఓక్బున్ తొంగిచూసింది. "పాపం, అలిసిపోయినట్టున్నాడు. దుంపలు ఉడికాయి, పెట్టనా?"

"పెట్టు! మన ఊరు కూల్చడానికి ఓపిక రావద్దూ!"

ముసలాయన పటం చుట్టేశాడు. "పట్నానికి బండి ఏదైనా దొరుకుతుందా నాయనా? మధ్యాహ్నంలోగా చేరాలి."

దుంపల లారీ ఒకటి బయల్దేరుతోంది, పట్నానికి ఎదురు దిక్కున, సముద్రం వైపు. దొక్బేకు చటుక్కున ఉపాయం తట్టింది.

"అదిగో తాతా, ఆ లారీ ఎక్కు. నేరుగా అక్కడికే."

ముసలాయన నడుం వంచి దణ్ణం పెట్టి మరీ ఎక్కాడు. పీడ వదిలిందనుకున్నాడు దొక్బే.

విచారణలో అధికారి గడియారం చూసుకున్నాడు.

"మీ తరఫు సాక్షి ఏడీ?"

"మాకెవరున్నారు బాబూ, సాక్ష్యం చెప్పడానికి?"

"ఒకాయన ఉత్తరం రాశాడే. ఈ పటం గీసినప్పుడు సర్వేవాళ్ల దగ్గర అడుగులు కొలిచేవాడట. మనిషి రాకుండా ఉత్తరం ఒక్కటే చెల్లదు. సాయంత్రం దాకా చూస్తాను, అంతే."

సముద్రం వైపు నుంచి బండి రేపటికి గానీ లేదు. దొక్బే బల్ల దగ్గరికి జరిగాడు.

"ఏం... ఏం రాశాడు బాబూ?"

అధికారి కళ్లజోడు సర్దుకుని చదివాడు:

"పటంలోకెక్కి పన్ను పడితే పిల్లలు పస్తులుంటారని అప్పటి ఊరిపెద్ద, ప్యో ఇంటిపేరాయన, నా కాళ్లు పట్టుకుంటే, జాలిపడి ఆ ఏడిళ్లనీ పటంలోకి ఎక్కకుండా చేసింది నేనే, కన్ను మూసేలోగా వాటిని మళ్లీ ఎక్కించి పోదామని వస్తున్నాను."