పందికొక్కు చూపిన గద్ద

పొలంగట్టు కింద ఒక ఎలుకల ఊరుంది. ఊరందరికీ కలిపి ఒకటే వడ్ల కొట్టు, దానికి కాపలా ఊరిపెద్ద పందికొక్కు. ఆ ఏడు కోతలైన కొన్నాళ్లకే కొట్టు అడుగంటింది. పిల్లల తల్లి బూడిదమ్మ ఉండబట్టలేక సభలో లేచింది.

"పెద్దయ్యా, మేమంతా మోసుకొచ్చి పోసిన వడ్లు ఏమైపోయాయి?"

"అదిగో గద్ద!" అని అరిచాడు పందికొక్కు.

గద్ద పేరు వినబడితే పొట్ట నేలకానించి, పెద్ద "పోయింది" అనేదాకా నోరు మెదపకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు. అందరూ బిగుసుకుపోయారు. బూడిదమ్మ మాత్రం ఓరకంట పైకి చూసింది. ఆకాశంలో ఏమీ లేదు.

"పోయింది," అన్నాడు పెద్ద, మూతికంటిన ఊక తుడుచుకుంటూ.

అంతే, వచ్చిన గద్ద నల్లదా ఎర్రదా అని సభ రెండుగా చీలి కీచులాడుకుంది.

"గద్దా లేదు, గాడిద గుడ్డూ లేదు! వడ్ల సంగతి తేల్చండి!" అని బూడిదమ్మ గొంతు చించుకుంది.

"ఇది గద్దకు అమ్ముడుపోయింది!" అంటూ రెండు పక్షాలూ ఒక్కటై ఆమెను తరిమేశాయి.

కన్నంలో పిల్లలు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నారు. వెతికితే ఒక్క గింజ లేదు. బూడిదమ్మ పిల్లల మీదికి వంగి, మెల్లగా అంది.

"అదిగో... గద్ద."

పిల్లలు నోరు మూసుకున్నారు.