మెయిన్ దగ్గర మనిషి

"చెయ్యి రావట్లేదు అత్తయ్యా, ఇరుక్కుపోయింది!" నిచ్చెన పైమెట్టు మీంచి అల్లుడు అరిచాడు.

హాలు సీలింగుకి గుండ్రంగా కోసిన కన్నంలోకి అతని కుడిచెయ్యి మోచేతిదాకా దూరిపోయి ఉంది. సీలింగులో ఇమిడిపోయే కొత్త లైటు బిగించాలని, లోపలికి జారిపోయిన తీగల్ని వెతుకుతుంటే వాచీ గొలుసు ఇనుప కమ్మీకి తగులుకుంది. లాగితే మణికట్టు కోసుకుపోతోంది. రెండో చెయ్యి పెడదామంటే కన్నంలో చోటేదీ? తీగలు మాత్రం దొరికాయి. ఇందాకే తొడుగు వలిచిన రాగి కొసలతో సహా గుప్పిట్లోనే ఉన్నాయి.

"ఎలక్ట్రీషియన్ని పిలవమని నెత్తీనోరూ కొట్టుకున్నాను," అంది అత్తగారు కింద నిచ్చెన పట్టుకుని. "వింటేగా! వీడియో చూశారట, వీడియో."

"ఇప్పుడా దెప్పడం?"

"గోడ మీద స్విచ్చయినా కట్టేశారా బాబూ?"

"వీటికి స్విచ్చు లేదు, నేరుగా బోర్డు నించి వచ్చాయి. అందుకే కదా మెయిన్ కట్టెయ్యమని మీ అమ్మాయిని కింద మీటర్ల గదికి పంపింది! చూడండి, ఫ్యాను ఆగిపోలా? జాగ్రత్త లేకుండా పని మొదలెట్టే మనిషిని కాదు నేను."

గొప్పలకేం తక్కువ లేదు. చెమట మాత్రం ముక్కు మీంచి బొట్లు బొట్లుగా కారుతోంది.

"అయితే అమ్మాయినే పైకి పిలుస్తాను. అదెక్కి గొలుసు విప్పుతుంది. నా మోకాళ్లతో నిచ్చెనెక్కడం నా వల్ల కాదు."

"వద్దొద్దు! తను అక్కణ్నించి కదిలిందంటే ఎవరో ఓ పుణ్యాత్ముడొచ్చి, అయ్యో పాపం, వీళ్ల మెయిన్ పడిపోయిందే అని ఆన్ చేసేస్తాడు. నేను చెప్పేదాకా అక్కణ్నించి కదలొద్దని ఒట్టేయించుకుని మరీ పంపాను."

"మరెలా? ఇలాగే వేలాడుతూ ఉంటారా?"

అతనికి భుజం పీకేస్తోంది. వేళ్లు తిమ్మిరెక్కి కొయ్యబారిపోయాయి. కాలు కాస్త జరిపితే నిచ్చెన కిర్రుమంటోంది. పెళ్లాన్ని పిలిస్తే కరెంటు భయం, పిలవకపోతే ఈ నరకం. ఏం చెయ్యాలో పాలుపోక ఏడుపొక్కటే తక్కువైంది.

"పోనీ ఫోన్ చెయ్యండి," అన్నాడు చివరికి, నీరసంగా. "మెయిన్ దగ్గర వాచ్‌మన్‌ని నిలబెట్టి రమ్మనండి."

అత్తగారు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. కూతురు ఎత్తుతూనే బావురుమంది.

"అమ్మా! ఇందాకట్నుంచీ నీకే చేస్తున్నా, ఒక్కటీ కలవలేదు. లిఫ్టులో ఇరుక్కుపోయాను! వీధంతా కరెంటు పోయిందని వాచ్‌మన్ బయట్నించి అరుస్తున్నాడు. ఒకటే చీకటి, ఊపిరాడట్లేదే!"

"మరి మెయిన్ కట్టేశావా?"

"ఎక్కడ కట్టేశాను? ఇంకా కిందికే దిగలేదు. ఆయన్ని ఏమీ ముట్టుకోవద్దని చెప్పు!"

అత్తగారు గుండెలు బాదుకుంటూ పైకి చూసింది. అల్లుడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. గుప్పిట విప్పాలని నానా తంటాలూ పడుతున్నాడు. తిమ్మిరెక్కిన వేళ్లు మాట వినడం లేదు.

"వదిలెయ్యండి బాబూ! ఆ తీగలు వదిలెయ్యండి!"

"హమ్మయ్య!" ఫోన్లో కూతురు సంతోషంగా కేక వేసింది. "లిఫ్టు కదిలిందమ్మా!"